సావిత్రీకథయుఁ జైతన్యపరిణామమును

మహాభారతారణ్యపర్వమునందలి సావిత్రీకథ ఆంధ్రపాఠకులకుఁ గ్రొత్తది కాదు. ద్రౌపదివంటి పతివ్రత పూర్వ మెవ్వతెయైనఁ గలదా యని ధర్మరా జడుగఁగా మార్కండేయుఁడు చెప్పిన కథ యిది. తెలుఁగున దీనిని రచించినవాఁడు అరణ్యపర్వశేషమును బూరించిన యెఱ్ఱన. ఈ కథనే గ్రహించి శ్రీ అరవిందులు ఆంగ్లమున 12 పర్వములుగను 49 సర్గలుగను నించుమించు 24,000 పంక్తుల కావ్యమును సంతరించిరి. రచన 1916 నాఁటికే మొదలయ్యెను. ప్రథమభాగము 1950లోను, కవినిర్యాణానంతరము శేషము 1951లోను గ్రంథరూపమున వెలువడెను. 1948లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరి జాతీయబహుమానముతో నీ కవిని సత్కరించెను.

ఈ కావ్యమునకుఁ బ్రాణము చైతన్యపరిణామవాదము. జడమునుండి ప్రాణమును, ప్రాణమునుండి మనస్సును వెలువడినవి; మనుష్యుఁడు తుదిమెట్టు కాఁడు; మనస్సునకు మీఁదిదగు విజ్ఞానము భూమిపై నవతరింపవలసియున్నది. చైతన్యము జడమునందు ముందే నిగూఢమై యుండుటచేతనే క్రమముగా వెలువడఁగలుగుచున్నదని కవిమతము. కాఁబట్టి జీవజాతుల రూపభేదమును విచారించు డార్విను మతముకంటె నిది భిన్నము.

ఇదంతయు నుపనిషత్సిద్ధమే యని యనుకొనుట కవకాశము కలదు. అది సగమే నిజము. తైత్తిరీయమునందలి భృగువల్లిలో భృగువు తపస్సుచే అన్నమును, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును, ఆనందమును గ్రమముగా బ్రహ్మమని యెఱుఁగును. అది యొక జిజ్ఞాసువు చేసిన యారోహణము. అరవిందు లా సోపానమునే కాలమున నిలిపి జగచ్చరిత్రగాఁ జేసిరి. ఈ మార్పు చిన్నది కాదు. భృగువు పొందిన జ్ఞానము పూర్ణమేని ఇఁక ముందు రావలసిన దేమి? వ్యక్తి ముక్తుఁడైనను భూమియు దేహమును మృత్యువశములై యే యుండును గనుక వానికిఁగూడ రూపాంతరము కావలెనని అరవిందుల సమాధానము. ఇది యుపనిషద్వ్యాఖ్యానము కాదు, నూతనప్రతిజ్ఞ. నూతనమని యొప్పుకొన్నంతమాత్రమున దాని గౌరవము తగ్గదు.

ఈ ప్రతిజ్ఞకుఁ గథ యెంతవఱకు లొంగినది? వ్యాసుని యశ్వపతి సంతానార్థమై 18 ఏండ్లు సావిత్రీదేవి నారాధించెను. నూతనకావ్యమున నది మానవజాతికై చేసిన యోగమైనది. ద్వితీయపర్వమందలి 15 సర్గలును అతని లోకాంతరసంచారమే. వర్ణనాశక్తికి లోపము లేదు. కాని కథ నిలిచిపోవును. పాత్రలు కేవలగుణరూపకములు కావని కవియే చెప్పియున్నను ఇచ్చట నా మాట నిలువదు.

యమసంవాదమున భేదము మఱింత స్పష్టము. వ్యాసుని యముఁడు ధర్మరాజు. సావిత్రి సూక్తులకు మెచ్చి వరము వెంబడి వరమిచ్చి, తుదకుఁ బుత్రశతము నొసఁగి తన మాటకుఁ దానే కట్టువడును. అచ్చట మృత్యువును జయించినది ధర్మమే. అరవిందుల మృత్యువో యొకప్పుడు జడవాదియై, యొకప్పుడు జగన్మిథ్యావాదియై సర్వమును నిరాకరించును. మెచ్చి లొంగఁడు, తేజస్సుచే గ్రసింపఁబడును. ధర్మము పలుకవలసిన నోట నిరాకరణతర్కము పలుకుట కథకు నష్టమే. ఆ రూపము నశింపఁగా దానియందే దాఁగిన దివ్యమూర్తి కనఁబడుటచే నీ నష్టము కొంత తీఱినది.

ఆ మూర్తి స్వర్గానందము నీఁజూపఁగా సావిత్రి దానిని నిరాకరించి, భూలోకమునకై శాంతిని, ఐక్యమును, శక్తిని, ఆనందమును వేఁడి సత్యవంతునితో మరలును. కావ్యమునకు శిఖర మిదియే. మూలమునందును సావిత్రి పతితోఁ బరలోకమునకుఁ బోవ నడుగలేదు. మామకుఁ జూపు, రాజ్యము, తండ్రికిఁ బుత్రులు, తనకుఁ బుత్రులు, పతిప్రాణము: ఆమె కోరిన వన్నియు నీ భూమిపై ననుభవింపవలసినవే. కఠోపనిషత్తున నచికేతుఁడు మృత్యువువలన జ్ఞానముఁ గొనెను; సావిత్రి జీవితముఁ గొనెను. అరవిందుల ప్రతిజ్ఞకు ఉపనిషత్తున దొరకని యాధార మీ కథయందు బీజరూపమున దొరకినది. తత్త్వము కథను మ్రింగినచోటఁ గావ్యము నీరసించినది. కథయే తత్త్వమును బలికినచోట సఫలమైనది.