ఊరి ఫోను చేతులు మారేటప్పుడు

అలాస్కాలో రోడ్డే లేని ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడికి చిన్న విమానంలో వెళ్లాలి, లేదంటే నది గడ్డకట్టని నెలల్లో పడవ మీద వెళ్లాలి. ఇలాంటి ఊళ్లలో చాలావాటికి డాక్టరు ఉండడు. శిక్షణ పొందిన ఆరోగ్య సహాయకురాలు రోగిని చూసి, ఎక్కడో దూరాన ఉన్న ఆస్పత్రి డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆయన చెప్పినట్టు వైద్యం చేస్తుంది. దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. ఆ ఊళ్లో ఫోను ఆగితే మాటలతోపాటు వైద్యం కూడా ఆగుతుంది.

అలాంటి ఊరికి ఫోను నడిపే కంపెనీ తన వ్యాపారాన్ని ఇంకొకరికి అమ్మాలనుకుంటే ఏం జరగాలి? ఆస్తి అమ్ముకునే హక్కు కంపెనీకి ఉంది. ఫోను ఆగకూడదని అడిగే హక్కు ఊరికి ఉంది. ఈ రెండింటికీ చోటిస్తూ అమెరికాలో ఫెడరల్ చట్టం, రాష్ట్ర చట్టం, కమిషన్ నిబంధనలు కలిసి ఒక ఏర్పాటు చేశాయి. విడివిడిగా చదివితే ఇవి పొడిపొడి వాక్యాలే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మాత్రం, ఎక్కడెక్కడ పగులు రావచ్చో ముందే ఊహించి అక్కడక్కడ బిగించిన పనితనం కనిపిస్తుంది.

మనకు ఫోను కంపెనీ మారడం తేలిక. పోర్ట్ అని రాసి, నంబరు జోడించి 1900కి సందేశం పంపితే ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. దాన్ని కొత్త కంపెనీకి ఇస్తే సరి. 2018లో ఎయిర్‌సెల్ మూతపడ్డప్పుడు లక్షలమంది ఈ దారినే తమ నంబర్లు కాపాడుకున్నారు. కానీ ఆ దారి ఉండాలంటే ఊళ్లో ఇంకో కంపెనీ సిగ్నల్ ఉండాలి. ఒక్కటే కంపెనీ ఉన్నచోట మారడం వినియోగదారుడి చేతిలో ఉండదు. ఊరు ఊరంతా ఒక్క తేదీన ఒకరి నుంచి ఇంకొకరికి మారాలి. అందుకే అక్కడ వేరే పనిముట్లు కావాలి.

ముందుగా చేతులు మారేవి ఏమిటో చూద్దాం. మొదటివి వస్తువులు: ఇళ్లకు వెళ్లే తీగలు, కాల్స్ కలిపే స్విచ్, బయటి ప్రపంచంతో కలిపే శాటిలైట్ డిష్, కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీలు. రెండోవి నంబర్లు. అలాస్కాలో దాదాపు అంతటికీ ప్రాంత కోడు 907 ఒక్కటే. ఏ కాల్ ఏ స్విచ్‌కు వెళ్లాలో దాని తర్వాతి మూడంకెలే చెబుతాయి. మూడోవి రికార్డులు: ఎవరి పేరున ఏ లైను ఉంది, ఏ ధరకు ఉంది, బాకీ ఎంత, ఎమర్జెన్సీ కాల్ వస్తే అది ఏ గడప నుంచి వచ్చింది. నాలుగోది బాధ్యత. మొదటి మూడింటినీ అమ్మకం పత్రంలో రాసుకోవచ్చు. నాలుగోదాన్ని మాత్రం ఇద్దరు వ్యాపారులు తమలో తాము ఒప్పుకున్నంత మాత్రాన మార్చుకోలేరు. దాన్ని మార్చే అధికారం నియంత్రణ కమిషన్‌ది. ఏర్పాటంతా ఈ విభజన మీదే నిలబడి ఉంది.

ఈ విభజన ఎందుకు అవసరమో అలాస్కా చరిత్రే చెబుతుంది. 1900లో అమెరికా సైన్యం మొదలుపెట్టిన తంతి వ్యవస్థే పెరిగి అక్కడి దూరవాణికి వెన్నెముక అయింది. దాన్ని ప్రైవేటుకు అమ్మడానికి 1967లో ఫెడరల్ చట్టం వచ్చింది. 1971లో అది ఆర్‌సీఏ సంస్థ చేతికి వెళ్లింది. 142 ఊళ్లకు ఫోను ఇస్తామన్నది కొన్నవారి హామీల్లో ఒకటి. పని మాత్రం మందకొడిగా సాగింది. చివరికి 1975లో రాష్ట్ర శాసనసభ 50 లక్షల డాలర్లు కేటాయించి, వందకు పైగా చిన్న శాటిలైట్ కేంద్రాల పరికరాలను తానే కొనడానికి సిద్ధపడింది. కనీసం 25 మంది స్థిరంగా ఉండే ప్రతి ఊరికీ ఫోను అందాలన్నది లక్ష్యం. నాలుగున్నర మీటర్ల డిష్‌లు ఆ ఊళ్లలో లేచాయి. అమ్మే రోజున ఇచ్చిన మాట అమ్మాక నిలబడాలంటే, ఆ మాటను అడగగల అధికారి ఒకరుండాలి. అమ్మకం పూర్తికాకముందే అడగాలి. ఇప్పుడున్న నిబంధనల్లో ఆ తెలివిడి ఇమిడి ఉంది.

మొదటి గేటు రాష్ట్రానిది. అలాస్కాలో ఫోను సంస్థ పనిచేయాలంటే రాష్ట్ర నియంత్రణ కమిషన్ నుంచి సర్టిఫికెట్ ఉండాలి. 1999లో పాత కమిషన్ స్థానంలో ఏర్పడిన ఈ సంస్థలో ఐదుగురు కమిషనర్లు ఉంటారు. సర్టిఫికెట్‌ను వేరొకరికి బదిలీ చేయాలంటే వారి అనుమతి కావాలి. కొత్తవారికి యోగ్యత, సంసిద్ధత, సామర్థ్యం మూడూ ఉన్నాయని తేలాలి; ఆ సేవ ప్రజలకు అవసరమని కూడా తేలాలి. డబ్బుండి ఇష్టం లేనివారు కొన్నాక ఊరిని పట్టించుకోరు. ఇష్టముండి సామర్థ్యం లేనివారు చలికాలంలో స్విచ్ పాడైతే బాగుచేయించలేరు. మూడింటినీ కలిపి అడగడంలో ఉన్న జాగ్రత్త ఇదే. పాత కంపెనీ వైపు కూడా తలుపు అంత సులువుగా తెరుచుకోదు. సర్టిఫికెట్ ఉన్న సేవను కమిషన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఆపకూడదు, వదిలేయకూడదు.

రెండో గేటు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ది, అంటే ఎఫ్‌సీసీది. 1934 నాటి చట్టంలోని సెక్షన్ 214 దీనికి ఆధారం. రాష్ట్రాల మధ్య కాల్స్ మోసే లైను కొత్తగా వేయాలన్నా, ఉన్నదాన్ని కొనాలన్నా, సేవ ఆపాలన్నా ప్రజల సౌకర్యం, అవసరం అనే గీటురాయి మీద అనుమతి పొందాలి. అలాగని చిన్న ఊరి బదిలీ ఏళ్ల తరబడి ఫైళ్లలో నలగకూడదు. అందుకని సమస్యల్లేని దరఖాస్తులకు పొట్టి దారి ఒకటి పెట్టారు. కమిషన్ బహిరంగ ప్రకటన ఇస్తుంది. 14 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, ఆ తర్వాత వారం రోజులు బదులు చెప్పుకోవడానికి. కమిషన్ ఈలోగా ఆపకపోతే 31వ రోజున అనుమతి వచ్చినట్టే. చిక్కులున్న దరఖాస్తును మాత్రం ఈ వరుసలోంచి తీసి విడిగా పరిశీలిస్తారు. తేలిక పనికి గడువు బిగించారు, కష్టమైన పనికి సమయం మిగిల్చారు. ఒకే నిబంధనలో రెండూ చేయడం చిన్న నేర్పు కాదు.

వెళ్లిపోయేవారి సంగతి ఇంకా నిశితంగా రాశారు. దూర ప్రాంతాల్లో నష్టం వచ్చినా ఫోను నడపాలంటే సార్వత్రిక సేవా నిధి నుంచి సాయం అందాలి. అందుకు అర్హత ముద్ర ఉండాలి. 1996లో సెక్షన్ 214కు వచ్చిన సవరణ ప్రకారం, అలాంటి అర్హత ఉన్న సంస్థలు ఆ ప్రాంతంలో ఒకటికన్నా ఎక్కువ ఉన్నప్పుడే, ఏదైనా ఒకటి తన బాధ్యతను వదులుకోగలదు. అప్పుడు కూడా వెంటనే కాదు. మిగిలే సంస్థ అందరికీ సేవ అందిస్తుందని రాష్ట్ర కమిషన్ తేల్చుకోవాలి. దానికి కావలసిన పరికరాలు కొనుక్కోవడానికో కట్టుకోవడానికో సరిపడా ముందస్తు నోటీసు ఇప్పించాలి. ఆ కొనుగోలు, నిర్మాణం ఏడాది దాటకుండా ముగియాలి. నిండు బిందెను ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మార్చేటప్పుడు రెండో మనిషి చేతులు పడ్డాకనే మొదటి మనిషి చేతులు తీస్తుంది. ఈ నిబంధన కోరే వరుస అదే.

అదే సెక్షన్లో ఇంకో వాక్యముంది. సేవ లేని ఒక సమాజం ఫోను కావాలని అడిగినప్పుడు ఏ సంస్థా ముందుకు రాకపోతే, ఎవరు బాగా ఇవ్వగలరో కమిషన్ తేల్చి వారిని ఆదేశించాలి. ఎవరూ కొనని ఊరు, ఎవరూ పట్టని ఊరు కూడా చట్టం లెక్కలో ఉంది. ఏర్పాటంతటిలోనూ నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే వాక్యం ఇది.

సబ్సిడీ ఉన్నచోట దాని కోసమే ఊరిని కొనే ప్రమాదమూ ఉంటుంది. దీనికి రెండు తాళాలు వేశారు. ఒకటి పటం మీద: ప్రతి కంపెనీ సేవా ప్రాంతపు సరిహద్దులను 1984 నవంబరు 15న ఉన్నవి ఉన్నట్టు స్థిరపరిచారు. ఆ గీతను జరపాలంటే ఎఫ్‌సీసీ మినహాయింపు కావాలి. రెండోది లెక్కల్లో: 1997లో పెట్టిన నియమం ప్రకారం, అమ్మకానికి ముందు ఆ ఎక్స్ఛేంజికి లైనుకు ఎంత సాయం అందేదో కొన్నవారికీ అంతే. దీనివల్ల కొనేవాడు ఊరిని చూసి కొనాలి, దాని వెంట వచ్చే నిధిని చూసి కాదు. ధర విషయంలోనూ ఇలాంటి కట్టడే ఉంది. గ్రామీణ, ఖరీదైన ప్రాంతాల్లో దూరపు కాల్స్‌కు పట్టణాల్లోకన్నా ఎక్కువ వసూలు చేయకూడదని 1996 చట్టం అంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా చిన్న భాగం దగ్గరికి వద్దాం: ఇంటికి వచ్చే ఉత్తరం. అమెరికాలో వినియోగదారుడి ఒప్పుకోలు లేకుండా ఫోను కంపెనీని మార్చడం నేరుగా నిబంధన ఉల్లంఘన. మరి ఊరంతా ఒకేసారి మారేటప్పుడు ప్రతి ఇంటి సంతకం ఎవరు తెస్తారు? ఎవరో ఒకరు దొరక్కపోతే వారి ఫోను ఆగాలా? 2001లో ఎఫ్‌సీసీ దీనికొక దారి చూపింది. విడివిడి సంతకాలు అక్కర్లేదు. కానీ బదిలీకి కనీసం 30 రోజుల ముందు కమిషన్‌కు లేఖ అందాలి, ప్రతి వినియోగదారుకూ నోటీసు అందాలి. ఆ నోటీసు నకలు కమిషన్ లేఖకు జతపడాలి.

నోటీసులో ఏముండాలో ఒక్కొక్కటిగా చెప్పారు. ఏ తేదీ నుంచి కొత్త కంపెనీ వస్తుంది. ధరలు, షరతులు ఏమిటి, అవి మారితే ఎలా తెలియజేస్తారు. మార్పు రుసుము ఏదైనా ఉంటే అది కొత్త కంపెనీయే భరిస్తుంది. వేరే కంపెనీ అందుబాటులో ఉంటే దాన్ని ఎంచుకునే హక్కు వినియోగదారుకు ఉంది. తన అనుమతి లేకుండా కంపెనీ మార్చకూడదని ముందే తాళం వేయించుకున్నవారు కూడా బదిలీ అవుతారు. ఆ తాళం తొలగిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. బదిలీకి ముందు, బదిలీ వేళ వచ్చిన ఫిర్యాదులకు కొత్త కంపెనీ జవాబుదారీ అవునా కాదా. చివరగా, ఖర్చు లేకుండా ఫోన్ చేసి అడగడానికి ఒక నంబరు.

ఈ ఏడింటిలో వృథాగా పెట్టింది ఒక్కటీ లేదు. బిల్లు ఎంతొస్తుందన్న భయానికి ఒకటి, రుసుము వేస్తారన్న అనుమానానికి ఒకటి. తాళం గురించి రాసిన మాట మరీ సూక్ష్మం: జాగ్రత్తపరుడు తన జాగ్రత్త ఇంకా పనిచేస్తోందని నమ్మి ఏమరకుండా ఉండడానికి పెట్టింది అది. ఫిర్యాదుల మాట పాత కంపెనీని అడగండి, కొత్త కంపెనీని అడగండి అంటూ మనిషిని తిప్పే అలవాటుకు అడ్డుకట్ట. ఈ వాక్యాలు రాసినవారు బిల్లు చేతిలో పట్టుకుని తికమకపడే మనిషిని కళ్లముందు పెట్టుకునే రాశారు.

అయితే కాగితం మీది షరతు కంప్యూటర్‌ను నడపదు. 2008లో మెయిన్, న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లోని ల్యాండ్‌లైన్లను వెరిజాన్ సంస్థ ఫెయిర్‌పాయింట్‌కు ఇచ్చింది. రాష్ట్ర కమిషన్లు షరతులు పెట్టాయి, కొత్త వ్యవస్థలకు మారే పనిని గమనించడానికి స్వతంత్ర పరిశీలకులను కూడా పెట్టాయి. అయినా 2009 ఆరంభంలో ఆ మార్పు జరిగాక ఆర్డర్లు, బిల్లులు చిక్కుపడ్డాయి. ఆ అక్టోబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. తీగలు, స్విచ్‌లు చేతులు మారినంత సాఫీగా రికార్డులు మారలేదు. మనం మొదట వేరుచేసిన నాలుగింటిలో మూడోదాన్ని ఎంత పరీక్షించాలో ఈ ఉదంతం చూపించింది.

ఇప్పుడు భాగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, అవి కలిసేది ఒక్క తేదీ దగ్గర. కొత్త కంపెనీ బాధ్యత ఎప్పటినుంచో రాష్ట్ర ఉత్తర్వు చెబుతుంది. ఫెడరల్ గడువు అంతకుముందే ముగిసి ఉండాలి. ఇంటికొచ్చిన నోటీసులో రాసిన తేదీ, స్విచ్ దగ్గర సాంకేతిక సిబ్బంది చేతిలో ఉన్న తేదీ ఒకటే కావాలి. పాత బాధ్యత ముగిసే క్షణానికీ కొత్తది మొదలయ్యే క్షణానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఎంతోమంది వేర్వేరు కాలాల్లో రాసిన నియమాలు కాపాడేది ఆ ఖాళీ లేని అతుకునే. ఒక్క కంపెనీ సిగ్నల్ మీదే బతుకుతున్న ఊళ్లు మన ఏజెన్సీ కొండల్లోనూ ఉన్నాయి. లైసెన్సు వదులుకునే కంపెనీ ప్రభుత్వానికి 60 రోజులు, వినియోగదారులకు 30 రోజులు ముందు నోటీసు ఇవ్వాలని మన దేశంలో లైసెన్సు షరతు ఉంది. వెళ్లేవాడు చెప్పి వెళ్లాలనేంతవరకు అది మంచి నియమం. వచ్చేవాడు ఎవరో తేలాకే వెళ్లాలన్న రెండో సగం కూడా దానికి తోడైతే, ఆ ఊళ్లకు నోటీసుతో పాటు ఫోనూ మిగులుతుంది.