ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు?

ఈ వారం నాకు మహా సంతోషం కలిగించినవి ఎర్ర సిరాతో కొట్టేసిన రెండు వాక్యాలు.

మా పై వాటాలో ఉండే అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చదువుతోంది. నేరం చేశారని పోలీసులు పట్టుకొచ్చే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో పనిచెయ్యాలని, ప్రొబేషన్ ఆఫీసర్ కావాలని ఆమె పట్టుదల. క్లాసులో ఒక కల్పిత కేసు ఇచ్చి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు రాయమన్నారట. ‘పిల్లవాడిది దురుసు స్వభావం. కుటుంబ వాతావరణం బాగోలేదు’ అని రాసింది. మేడమ్ రెండూ కొట్టేసి, పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు?’

“దొంగతనానికీ దీనికీ ఏంటి సంబంధం అంకుల్?” అంటూ కిందికొచ్చింది. ఇద్దరం కూర్చుని కేసు కాగితాలు మళ్లీ చదివాం. ఒకటే గది, ఆరుగురు మనుషులు. అక్క పురిటికొచ్చాక ఈ పిల్లవాడి చాప మెట్ల మీదికి మారింది. దొంగ బైకు మీద వీడితో కలిపి ముగ్గురు దొరికింది అర్ధరాత్రి దాటాక. మెట్ల మీద పడుకున్న పదిహేనేళ్లవాణ్ణి వీధిలోంచి ఎవరైనా పిలిస్తే, ‘ఈ వేళప్పుడు ఎక్కడికిరా’ అని అడిగే మనిషి ఉండడు. దురుసు స్వభావం అని రాస్తే దాన్ని పట్టుకుని, కేసు తేల్చే జువెనైల్ జస్టిస్ బోర్డు ఏం చెయ్యగలదు? మెట్ల సంగతి రాస్తే కనీసం మేనమామ ఇంట్లో చోటుందేమో అడగగలదు.

విశేషణాల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. కథల్లో అవి చేసే నష్టం చిన్నది. ఇక్కడ పిల్లవాడి మీద పడుతుంది.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పిల్లవాణ్ణి మొదటిసారి బోర్డు ముందుకు తెచ్చిన 15 రోజుల్లోగా ఈ రిపోర్టు అందాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ. పిల్లవాడి ఇల్లూ బడీ వాళ్లకి తెలిసేది ముఖ్యంగా ఈ కాగితాల్లోంచే. చదువెందుకు మానేశాడు, స్నేహితులెవరు, ఏమన్నా సంపాదిస్తే ఆ డబ్బు ఏమైంది – ఫారంలో ఇవన్నీ ఉంటాయి. మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ మీద విడుదల, గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్ – ఏది వెయ్యాలో తేల్చేటప్పుడు ఈ రిపోర్టులోని పరిస్థితుల్ని చూడాలని చట్టమే చెబుతోంది.

ఇంత శ్రద్ధగా రాసిన కాగితాన్ని పదికాలాలు దాచాలని నాకు వెంటనే అనిపించింది. పాత దస్తావేజులు, ఇంటి ఉత్తరాలు, చిట్టా పుస్తకాలు చింపకండర్రా అని ఇక్కడే ఎన్నోసార్లు మొత్తుకున్నవాణ్ణి.

అంతలో మా ఊరి టైలర్ గుర్తొచ్చాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా సైకిల్ దొంగతనంలో దొరికాడు. ఇంటిపేరు, తండ్రి పేరుతో సహా పేపర్లో వేశారు. తర్వాత వాడు కుట్టుపని నేర్చుకుని బస్టాండు దగ్గర షాపు పెట్టాడు. మా నాన్నకి చొక్కాలు వాడే కుట్టేవాడు. కాలర్ అంత బాగా నిలబెట్టేవాడు మళ్లీ దొరకలేదని నాన్న చివరిదాకా అనేవాడు. పెళ్లి సంబంధం ఖాయమయ్యే వేళకి ఎవరో ఆ పేపరు ముక్క తీసుకెళ్లి పిల్ల తండ్రి చేతిలో పెట్టారు. అన్నేళ్లూ బీరువాలో బట్టల కింద భద్రంగా దాచి ఉంచారట! సంబంధం తప్పిపోయింది. వాడు షాపు మూసేసి భీవండి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఇప్పుడైతే అలా పేరు వెయ్యడమే నేరం. పైగా శిక్ష తాలూకు రికార్డులు అప్పీలు గడువు దాకానో, ఏడేళ్లో ఉంచి, ఆపైన నాశనం చెయ్యాలని 2016 నాటి నమూనా నిబంధనలు చెబుతున్నాయి. కాగితాల మీద నా మమకారం ఎంతదైనా, ఈ కాగితాల్ని గడువు తీరిన రోజే తగలబెట్టాలంటాను. చరిత్రకారుడికి నష్టమే. కానీ ఆ చరిత్ర మొయ్యాల్సింది ఒక పిల్లవాడు.

ఒక్క మినహాయింపు ఉంది. పదహారు నిండినవాడు, కనీస శిక్ష ఏడేళ్లో అంతకు మించో ఉన్న ఘోర నేరం చేశాడన్న ఆరోపణ మీద పెద్దవాళ్ల లెక్కన విచారణ జరిగి శిక్ష పడితే, ఆ రికార్డు చిల్డ్రన్స్ కోర్టులో ఉండిపోతుంది. అక్కడ ‘దురుసు స్వభావం’ అని రాసి ఊరుకుంటే, ఆ మాటకి గడువంటూ లేదు. సెక్షన్లు అప్పజెప్పినందుకు ఇచ్చే మార్కుల్లో సగం తీసి, ఇలాంటి రిపోర్టు నాలుగుసార్లు తిప్పి రాయించడానికి కేటాయించాలని కాలేజీలవాళ్లని అడుగుతున్నాను. ఎర్ర సిరా పట్టుకున్న మేడమ్‌లు కూడా ఇంకొంతమంది కావాలి.