మూయడం తెలిసిన కిటికీ

చిలకలూరిపేటలో కొత్త ఇల్లు తలపెడితే ప్లాను కంటే ముందు తేలాల్సింది ఎలివేషన్. ముందు గోడకు నీలం గాజు, పక్కన ఏసీపీ షీట్లు, బాల్కనీకి గ్లాసు రెయిలింగు. రోడ్డు మీంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ గాజు వెనక కూర్చోవాల్సింది మాత్రం ఇంటివాళ్లు. ఎండకు పేరుమోసిన రెంటచింతల కూడా ఈ పల్నాడు జిల్లాలోదేనని మరిచిపోకూడదు.

పాత పెంకుటిళ్లలో గాలి బాగా ఆడేదని అందరూ అంటారు. నన్నడిగితే అది సగం మాటే. పగటి గాలిని గుమ్మం బయటే నిలబెట్టడం తెలుసు కాబట్టి ఆ ఇళ్లు చల్లగా ఉండేవి.

ఆ ఇళ్ల కిటికీని ఒకసారి దగ్గరగా చూడండి. గాజు ఉండదు. నిలువు ఇనుప చువ్వలు, వాటికి చెక్క రెక్కలు, కింద రెండు, పైన రెండు. ఎండ ముదిరేసరికి పడమటి రెక్కలన్నీ మూతపడతాయి. వడగాడ్పు వచ్చేది అటునుంచే. బయట 44 డిగ్రీలున్నప్పుడు కిటికీ తీస్తే లోపలికొచ్చేది సెగే. మిగతా వైపుల కింది రెక్కలు మూసి పైవి ఓరగా ఉంచితే గదిలో పైకి చేరిన వేడి బయటికి పోతుంది. పొద్దువాలి సముద్రం వైపు నుంచి గాలి తిరిగాక అన్నీ బార్లా తెరుస్తారు. కింది రెక్కల్లోంచి వచ్చే గాలి సరిగ్గా మంచం ఎత్తుకు తగులుతుంది. అడుగున్నర మందం సున్నపు గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి గాలి మోసుకుపోవాలి. రాత్రి కిటికీలు మూసుకుంటే ఆ మందమే శిక్షవుతుంది.

మండువా ఉన్న ఇంట్లో ఈ పని ఇంకా తేలిక. వేడెక్కిన గాలి నడిమధ్య పైకప్పు లేని చోటునుంచి ఆకాశంలోకి లేస్తుంది, దాని చోటు నింపడానికి వసారా నీడలోని గాలి గదుల్లోంచి లోపలికి వస్తుంది. వేడి పోయే దారి పైనా, చల్లగాలి వచ్చే దారి కిందా ఉండాలి. గాలి రాకకు ఒక కిటికీ పెట్టి పోకకు ఎదురు గోడలో ఏమీ పెట్టకపోతే ఆ కిటికీ వెలుతురుకే.

ఇక నీడ. పేట దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అందుకే వేసవిలో దక్షిణపు గోడను కాపాడటానికి చిన్న సన్‌షేడ్ చాలు. తూర్పు పడమరల సంగతి వేరు, అక్కడ ఎండ ఏటవాలుగా దూరుతుంది. జానెడు సన్‌షేడ్ దానికి ఎందుకూ కొరగాదు. లోతైన వసారా కావాలి, లేదా జాలీ, లేదా పెరట్లో వేపచెట్టు.

ఇదంతా పాత ముచ్చటేనా అంటే, కాదు. 2004లో హైదరాబాద్‌లో ప్రారంభమైన సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మధ్యలో మండువా లాంటి ఆవరణ ఉంది, గోడలకు జాలీలున్నాయి, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గాలి గోపురాలున్నాయి. నివాస భవనాల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇంటి లోపలి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం మేర కిటికీలు, బయటి తలుపులు కలిపి తెరుచుకోవాలంటుంది. స్లైడింగ్ కిటికీ పెట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఆరడుగుల కిటికీలో తెరుచుకునేది మూడడుగులే, మిగతా సగం ఎప్పుడూ గాజే. రెక్కల కిటికీ దాదాపు మొత్తం తెరుచుకుంటుంది.

దొంగల భయం, దోమల బాధ నిజమే. చువ్వలు మొదటిదానికి ఎప్పటినుంచో ఉన్న జవాబు. దోమతెర మాత్రం గాలిని కొంత తినేస్తుంది, కాబట్టి తెర బిగించే కిటికీని ముందే ఇంకాస్త పెద్దది చేయించుకోవాలి. స్థలం పడమటి ముఖమైతే ఎలివేషన్ బొమ్మ గీసేవాడికి ఒక్క మాట చెప్పండి: మెట్లు, బాత్‌రూములు, సామాన్ల గది ఆ గోడ వెంట పెట్టి, పడక గదుల్ని వెనక్కి జరపమనండి. ఏసీ కొన్నా అది రాత్రంతా ఎండ గోడతో కుస్తీ పట్టదు.