బందరు పిన్‌కోడ్, పదకొండో అధ్యాయం

ప్రధాన సంఖ్యల మీద వచ్చే పాపులర్ పుస్తకాల్లో సంఖ్యల కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు. లాగరిథం పట్టిక ముందేసుకుని ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టిన పదిహేనేళ్ల గౌస్, 1859లో ఒకే ఒక్క చిన్న వ్యాసంతో అందరినీ చిక్కులో పడేసిన రీమన్. మార్కస్ డు సాటోయ్ రాసిన ‘ద మ్యూజిక్ ఆఫ్ ద ప్రైమ్స్’ (2003) ఇలాంటిదే. పడుకుని చదివేయొచ్చు. చదివాక కథలు గుర్తుంటాయి గానీ, ఒక్క సంఖ్యా చేతికి తగలదు.

పెన్సిల్ పడితే సంగతి వేరు. దివిసీమలో అవనిగడ్డ పిన్‌కోడ్ 521121. అంకెలు కూడితే 12, కాబట్టి మూడో ఎక్కంలో పోతుంది. గుడివాడ 521301 కూడా అంతే. 3, 11 తీసేస్తే 15797 మిగులుతుంది. అది మాత్రం 113 దాకా దేనికీ లొంగదు. ప్రధాన సంఖ్యే.

అసలు సరదా బందరుది. 521001 అంకెల మొత్తం 9. తొమ్మిదితో భాగిస్తే 57889, దాన్ని 13తో భాగిస్తే 4453. ఇక్కడ మొదలవుతుంది మొండితనం. ఏడుతో భాగిస్తే శేషం 1. యాభై మూడుతో భాగించినా శేషం 1! చేతికందినట్టే అంది జారిపోతుంది. 67 వర్గం 4489 గనక 61 దాటి చూడాల్సిన పని లేదు. సరిగ్గా ఆ ఆఖరి మెట్టు మీదే విరుగుతుంది: 61 × 73.

అసలు ఈ అంకెల దరిదాపుల్లో ప్రధాన సంఖ్య తగిలే అవకాశమెంత? సుమారు పదమూడింటికి ఒకటి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఇవి ఏ లెక్కన పలచబడతాయో గౌస్ ఊహించాడు. 1896లో హాడమార్, ద లా వాలే పూసాన్ ఎవరికి వారే నిరూపించారు. పాపులర్ పుస్తకాలు ఆ మాట చెప్పి పక్కకు తప్పుకుంటాయి. నిరూపణ జోలికి పోవు.

ఆ నిరూపణను పాఠంగా చెప్పినవాడు బందరులో పుట్టినవాడే. కొమరవోలు చంద్రశేఖరన్, 1920లో. హైస్కూలు బాపట్లలో, డాక్టరేటు మద్రాసులో, ఆపైన ప్రిన్స్‌టన్. హోమీ భాభా పిలిస్తే 1949లో బొంబాయి వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని నిలబెట్టారు. 1965లో జూరిచ్ వెళ్లారు. అక్కడి ఈటీహెచ్‌లో చెప్పిన పాఠాలే 1968లో ‘ఇంట్రడక్షన్ టు అనలిటిక్ నంబర్ థియరీ’గా అచ్చయ్యాయి.

సన్నటి పుస్తకం. కథల్లేవు, చమత్కారాల్లేవు, ఒక్క వాక్యం దాటేస్తే తర్వాతది అర్థం కాదు. మొదటి అధ్యాయమే ఏకైక కారణాంక విభజన: 521001ని 3 × 3 × 13 × 61 × 73గా తప్ప, వరస మార్చడం మినహా, ఇంకోలా విడగొట్టలేమని చెప్పే సిద్ధాంతం. పదో తరగతి పిల్లలు వాడేసే విషయానికి ఆయన నిరూపణ అడుగుతారు. ఏడో అధ్యాయంలో ప్రధాన సంఖ్యల పంపిణీ మీద చెబిషెవ్ సిద్ధాంతం దాకా డిగ్రీ లెక్కలు వచ్చినవాళ్లు ఓపికుంటే నడవొచ్చు. గౌస్ ఊహ తేలేది పదకొండో అధ్యాయంలో. అక్కడికి పెన్సిల్‌తో పాటు కాంప్లెక్స్ అనాలిసిస్ కూడా వెంట ఉండాలి.