మనోక్షత చరిత్రము - హెర్మన్ సిద్ధాంత విమర్శనము

ఘోరమైన యనుభవముచే మనస్సునకుఁ గలుగు గాయమును గూర్చి పాశ్చాత్య వైద్యశాస్త్రము నూటయేఁబది సంవత్సరములకుఁ బైగా విచారించుచున్నది. ఆ విచారణ తెంపులేక సాగినది కాదు. కొంతకాల మెల్లర దృష్టి నాకర్షించి, పిదప నేమియు నెఱుఁగనట్లు మఱవఁబడి, మరలఁ గ్రొత్తపేరుతోఁ గనుఁగొనఁబడుచు వచ్చినది. ఈ విచిత్రమునకుఁ గారణమేమని యడిగి స్పష్టమైన సమాధానము చెప్పిన గ్రంథము అమెరికాదేశపు మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోఁ బ్రకటించిన 'ట్రామా అండ్ రికవరీ'. అందలి చారిత్రక సిద్ధాంతమే యిచట విమర్శనీయము. చికిత్సాభాగము వైద్యుల సొమ్ము.

హెర్మన్ మతమున నీ గాయము మూఁడు పర్యాయములు లోకమునకుఁ దెలియవచ్చినది. మొదట హిస్టీరియా యను పేరుతో. పందొమ్మిదవ శతాబ్దాంతమునఁ బారిసు నగరమందలి సాల్పెట్రియేర్ వైద్యశాలలో షార్కో స్త్రీల మూర్ఛలను, పక్షవాతములను శాస్త్రదృష్టితోఁ బరీక్షించెను. అప్పటి ఫ్రాన్సు రిపబ్లికు పక్షమువారికి మతాధికారులతోఁ బోరు. పూర్వము భూతావేశమనియు దైవావేశమనియుఁ జెప్పఁబడినవి రోగములని తేలుట వారికిఁ గావలసియుండెను. రెండవది 1914లో నారంభమైన మహాయుద్ధమునందలి 'షెల్ షాక్'. అది మఱుగుపడి, వియత్నాం యుద్ధమును నిరసించిన సైనికులవలన మరల వెలికివచ్చెను. మూఁడవది స్త్రీలపై నింటను బయటను జరుగు దౌర్జన్యమువలని గాయము. 1970 తరువాతి స్త్రీల యుద్యమము దానిని బయలుపఱచెను. బాధితుని మాట నమ్మినచో బాధించినవానిని వేలెత్తి చూపవలసివచ్చును. చూపుట కష్టము, మిన్నకుండుట సులభము. కావున నుద్యమబలము తోడైననే యీ జ్ఞానము నిలుచును. ఆ బలము తొలఁగినతోడనే జ్ఞానమును దొలఁగును. ఇది యామె సిద్ధాంతసారము.

ఇందులకుఁ జూపిన దృష్టాంతములలో ఫ్రాయిడు కథ ముఖ్యమైనది. 1896 ఏప్రిలులో నాతఁడు వియన్నా వైద్యుల సభయందు, తాను పరీక్షించిన 18 మంది రోగుల బాధకును మూలము బాల్యమునఁ గలిగిన లైంగికదౌర్జన్యమే యని ప్రకటించెను. మఱుసటి యేఁడు సెప్టెంబరునకు ఆ మతమును విడిచెను. గౌరవముగల కుటుంబములలో నట్టి దుష్కృత్యములు సర్వసాధారణములని యొప్పుకొనవలసివచ్చుటయే యందులకుఁ గారణమని హెర్మన్ తాత్పర్యము. మిత్రుఁడగు ఫ్లీసునకు వ్రాసిన లేఖలోఁ దండ్రులను దోషులనుగా నెంచవలసివచ్చుటను గూర్చిన మాట యున్నది, నిజమే. కాని యా లేఖలోనే చికిత్స యొక్కటియు నిజమైన ముగింపునకు రాకుండుట మొదటి కారణముగాఁ జెప్పఁబడినది. పెక్కింటిలో నొకదానిని మాత్రము పైకెత్తుట న్యాయవాదికిఁ దగును గాని చరిత్రకారులకుఁ దగదు.

అంతకంటెఁ బెద్ద లోప మింకొకటి. ఆమె యెంచిన మూఁడింటిలో రైళ్ల ప్రమాదములు లేవు. 1866లో లండను శస్త్రవైద్యాచార్యుఁడు ఎరిక్సెన్ తన యుపన్యాసములను గ్రంథముగాఁ బ్రకటించెను. బండ్లు ఢీకొన్నపుడు పైకి గాయమేమియు లేక లేచిపోయిన ప్రయాణికులు కొన్ని దినములకు నిద్రను, జ్ఞాపకశక్తిని, పనిచేయు నోపికను గోల్పోవుచుండిరి. వెన్నుపామునకుఁ దగిలిన యదరే దీనికి మూలమని యాతఁడు తలఁచెను. లోకులు దానికి 'రైల్వే స్పైన్' అని పేరిడిరి. కోర్టులలో జూరీలు కంపెనీలచే నష్టపరిహార మిప్పించుచుండిరి. 1883లో హెర్బర్ట్ పేజ్ అను వైద్యుఁడు దీనిని ఖండించెను. ఎముకకుఁ గాని వెన్నుపామునకుఁ గాని దెబ్బ లేదు, భయమొక్కటియే యీ బాధలన్నిటికిఁ జాలునని యాతని వాదము. ఆతఁడు లండన్ అండ్ నార్త్ వెస్టరన్ రైల్వే కంపెనీ వైద్యుఁడు! కంపెనీ సొమ్ము కాపాడఁబూనిన వాదమునుండియే భయము మనుష్యుని గాయపఱచునను సత్యము వెలువడినది. జర్మనీయందును ఇట్లే: 1884లోఁ గార్మికుల ప్రమాద బీమా చట్టము వచ్చెను, 1889లో ఓపెన్‌హైము తన గ్రంథమున నీ వ్యాధికి 'ట్రామా' అను పదముతోనే పేరు పెట్టెను. ఇచట నేయుద్యమమును లేదు. సొమ్ము చెల్లింపవలసినవారెవ్వరను ప్రశ్న యున్నది.

ఈ ప్రశ్నతోఁ జూచినచో యుద్ధకథయు వేఱుగాఁ గనఁబడును. మైయర్స్ 1915 ఫిబ్రవరిలో 'లాన్సెట్' పత్రికయందుఁ బ్రచురించిన 'షెల్ షాక్' అను పదమును బ్రిటిషు సైన్యము రెండుగాఁ జీల్చెను. ఫిరంగిగుండు దగ్గఱఁ బ్రేలినచో నా సైనికుఁడు గాయపడినవాఁడు, చేతిపట్టీకిని పింఛనునకును అర్హుఁడు. ప్రేలకయే మతి చలించినచో రోగి మాత్రమే. పట్టీ లేదు, పింఛను లేదు. 1917లో నా పదమునే తొలఁగించి, నాడీసంబంధ వ్యాధి, ఇంకను నిర్ణయింపఁబడలేదు అను నర్థముగల పొడియక్షరములు వ్రాయ నుత్తరు విచ్చిరి. ఫిరంగిగుండు పేరు కాగితమునుండి యెగిరిపోయెను; సైనికుని నరములు మిగిలెను. రివర్స్ మృదువుగా మాటలాడించి చేసిన చికిత్సను, యీలండ్ విద్యుత్తుతో నొప్పించి చేసిన చికిత్సను హెర్మన్ రెండు వైద్యమతముల భేదముగాఁ జిత్రించినది. రివర్స్ పనిచేసిన క్రెయిగ్‌లాకర్ట్ అధికారుల వైద్యశాల. యీలండ్ చేతఁ జిక్కినవారు సామాన్య సైనికులు. ఈ యంతస్తు భేదమునకుఁ దగిన తూఁకము ఆమె గ్రంథమున లేదు.

ఇచటఁ దెలుఁగు పదమును గూర్చి యొకమాట. 'ట్రామా' గ్రీకున గాయమను నర్థము గలది. ఇప్పటి వాడుకలో దెబ్బకును, దానివలని గాయమునకును అదే పేరు. తెలుఁగు పత్రికలు 'మానసిక ఆఘాతము', 'మానసిక గాయము' అని రెండింటిని భేదము లేక వ్రాయుచున్నవి. ఘాతమన్నచో ఘాతకుఁ డెవఁడని యడుగవలసివచ్చును. క్షతము కర్తను గోరదు. హెర్మన్ చెప్పు మఱపంతయు ఘాతమును క్షతముగా మార్చు ప్రయత్నమే. గర్భాశయమను నర్థముగల గ్రీకు పదమునుండి పుట్టిన హిస్టీరియా యను పేరు అంతకంటె నొకయడుగు ముందునకుఁ బోయి, దోషమును బాధితురాలి శరీరమునందే యుంచినది.

గ్రంథమున నెల్ల విలువైన భాగము 1980 నాఁటి నిర్వచనమును గూర్చినది. అమెరికా మనోవైద్యసంఘ మా యేఁట నీ వ్యాధి నంగీకరించుచు, దానికి మూలమగు సంఘటన సాధారణ మానవానుభవమునకు వెలుపలిది కావలెనని నియమించెను. బలాత్కారము, ఇంటిలోని హింస స్త్రీల బ్రతుకున నింత సాధారణములు కాఁగా, ఆ నియమ మెట్లు పొసఁగునని హెర్మన్ అడిగినది. 1994 నాఁటి కూర్పులో నా నియమము తీసివేయఁబడినది. పరిభాషలోని యొక్క విశేషణము ఎందఱిని వాకిటనే నిలిపివేయఁగలదో యింత సూటిగాఁ జూపిన విమర్శ వైద్యగ్రంథములలో నరుదు. పైఁ జెప్పిన లోపములు దీని బలమును దగ్గింపవు.

మఱపు తొలఁగుటకు నుద్యమమే మార్గమను మాటకుఁ దరువాతి చరిత్రలో నొక పరీక్ష కలదు. మహాయుద్ధమున యుద్ధభూమి విడిచిరనియుఁ బిఱికితనము చూపిరనియు, తత్సదృశములగు నేరములకును, బ్రిటిషు సైన్యము తనవారిని 306 మందిని గాల్చి చంపెను. వారిలోఁ గొందఱు షెల్ షాక్ చేఁ బీడితులు. వారి కుటుంబములవారు పెక్కేండ్లు పోరఁగా 2006 నాఁటి సైన్యచట్టము వారికి క్షమాభిక్ష నిచ్చినది. ఆ క్షమవలన నాఁటి తీర్పునకుఁ గాని శిక్షకుఁ గాని భంగము లేదనియు, దానినిబట్టి యేహక్కును బుట్టదనియు నా చట్టమునందే వ్రాయఁబడియున్నది.