దూప లేని ఎడారి

జానపద చిత్రాలను గురించి మన అభ్యుదయ విమర్శ రాసింది తక్కువ. రాసినప్పుడు కూడా 'పలాయనవాదం' అనే ఒక్క మాటతో పక్కకు నెట్టి చేతులు దులుపుకున్నది. కూలినాలి చేసుకునే జనం నేల టిక్కెట్టు కొనుక్కుని మళ్లీ మళ్లీ చూసిన కథలను ఒక్క మాటతో తీసిపారేయడం విమర్శ కాదు, బద్ధకం. ఆ బద్ధకంలో నాకూ వాటా ఉన్నది. ఎం.ఏ. చదివే రోజుల్లో సెమినారులో నేను చెప్పిందీ ఆ ఒక్క మాటే.

ఆ మాట చాలదని నాకు అంతకు ముందే చెప్పినవాడు మా ఊళ్లో పీరు ఎత్తే ముసలాయన. నేను అప్పటికి ప్రాథమిక పాఠశాల దాటలేదు. పీర్ల పండుగ అయిపోయిన వారానికే మా ఊరి పడుచువాళ్లు చందాలు వేసుకుని, టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి, చావడి ముందర రాత్రంతా సినిమాలు వేశారు. అందులో ఒకటి రామారావు 'ఆలీబాబా 40 దొంగలు'. గుర్రాలు ఉరుకుతున్నాయి, కత్తులు తళతళలాడుతున్నాయి, మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. ముసలాయన చుట్ట ఆర్పి, "ఎడారంటరు గదా, ఒక్కనికి గూడ దూప గాదేందిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకు విలువ తెలియడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

ఈ ఎడారి మన దగ్గర పుట్టింది కాదు. దాని కొలిమి హాలీవుడ్. 1924లో రావోల్ వాల్ష్ దర్శకత్వంలో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన మూకీ చిత్రం 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' దానికి అచ్చు పోసింది. విలియం కామెరాన్ మెంజీస్ కట్టించిన ఆకాశమంత సెట్లలో ఒక దొంగ మొదట కావలసింది దోచుకుంటాడు, ఆ తరువాత ఆనందమనేది కష్టించి సంపాదించుకోవలసిందని నేర్చుకుంటాడు, చివరకు రాజకుమార్తెను గెలుచుకుంటాడు. తలపాగా తీసి చూస్తే అతడు అచ్చమైన అమెరికా మధ్యతరగతి యువకుడు. బాగ్దాదును మాయోపాయంతో ఆక్రమించే దుష్టుడు మంగోలు రాకుమారుడు; అతని గూఢచారి అయిన బానిస పిల్లగా అన్నా మే వాంగ్ అనే చైనా సంతతి నటి వేసింది. అదే 1924లో అమెరికా ప్రభుత్వం ఆసియా దేశాలవారి వలసను దాదాపు పూర్తిగా నిషేధిస్తూ చట్టం చేసింది. తెర మీద మాయా తివాచీ ఎక్కి ప్రపంచమంతా తిరిగిన దేశం తన రేవులో మాత్రం ఆసియా మనిషిని దిగనివ్వలేదు.

అలెగ్జాండర్ కోర్డా 1940లో అదే పేరుతో రంగుల చిత్రం తీశాడు. లండన్‌లో మొదలై, యుద్ధం వల్ల అమెరికాలో పూర్తయింది. అందులో దొంగపిల్లవాడు అబూ వేషం మన సాబూది. మైసూరు సంస్థానంలో మావటివాని కొడుకు. అంత పెద్ద చిత్రానికి ప్రాణం వాడే, కాని సింహాసనం, ప్రేయసి మాత్రం తెల్లనటుడు వేసిన రాజుకే దక్కుతాయి. చివరి సన్నివేశంలో రాజు కృతజ్ఞతతో అబూను బడికి పంపి వజీరుగా తీర్చిదిద్దుతానని ప్రకటిస్తాడు. ఆ మాట వినగానే వాడు తివాచీ ఎక్కి ఎగిరిపోతాడు. పంతులునై ఉండి కూడా ఆ పిల్లవాని పక్షమే నాది.

1944 నాటి 'ఆలీబాబా అండ్ ది ఫార్టీ థీవ్స్' దగ్గర మనం ఎక్కువసేపు ఆగాలి. ఆలీబాబా కథ ప్రాచీన అరబ్బీ ప్రతుల్లో లేదు. అలెప్పో నగరానికి చెందిన హన్నా దియాబ్ అనే సిరియా యువకుడు 1709లో పారిస్‌లో చెప్పగా, ఫ్రెంచి పండితుడు గలాండ్ దాన్ని తన వేయిన్నొక్క రాత్రుల్లో చేర్చాడు. ఆ కథలో ఆలీబాబా కట్టెలు కొట్టి అమ్ముకునేవాడు. అతని ప్రాణం కాపాడేది మర్జియానా అనే బానిస పిల్ల, అదీ తన బుద్ధిబలంతో. యూనివర్సల్ కంపెనీవారి చిత్రంలో ఈ ఇద్దరూ మాయమైపోయారు. ఆలీ ఖలీఫా కొడుకైపోయాడు. నాయిక పెద్దింటి పిల్ల. నలభైమంది దొంగలు హులాగూఖాన్ ఆక్రమణను ఎదిరించే దేశభక్తులయ్యారు. 1944లో యూరప్ సగం ఫాసిస్టు బూట్ల కింద ఉన్నప్పుడు ఈ మార్పు ప్రేక్షకులకు వేరే అర్థం కూడా చెప్పి ఉంటుంది. ఆ మేరకు దాన్ని ఒప్పుకోవలసిందే. కాని తిరగబడే హక్కు రావాలంటే కట్టెలవాడు ముందు రాజవంశంలో పుట్టాలనే షరతును ఎట్లా ఒప్పుకుంటాం?

తెలుగు చిత్రాలు ఈ సరుకును దిగుమతి చేసుకున్నాయనేది నిజం. 1957లో అక్కినేనితో 'అల్లావుద్దీన్ అద్భుతదీపం', 1968లో యోగానంద్ దర్శకత్వంలో ఫెయిర్‌బాంక్స్ కథనే ఆధారం చేసుకున్న 'బాగ్దాద్ గజదొంగ', 1970లో విఠలాచార్య తీసిన 'ఆలీబాబా 40 దొంగలు' వచ్చాయి. చివరి రెంటిలో రామారావు, జయలలిత జంట. అయితే మన జానపద చిత్రం ఒక్క విషయంలో హాలీవుడ్ మాట వినలేదు. 1951లో కె.వి. రెడ్డి 'పాతాళ భైరవి' తీసినప్పుడు కథానాయకుడు మారువేషంలోని రాకుమారుడు కాదు, తోటమాలి కొడుకు. కడదాకా తోటమాలి కొడుకే. జనం వాణ్ణి తమవాడనుకున్నారంటే అది మత్తు కాదు, గుర్తింపు.

అదే 1951లో మా నల్లగొండ జిల్లాలో సాయుధ పోరాటం విరమణకు వచ్చింది. ఈ రెంటినీ ముడివేసి సిద్ధాంతం అల్లను. కాని ఒక తేడా చూడండి. ఈ చిత్రాలన్నిట్లో దుష్టుడు మాంత్రికుడో, వజీరో, సేనాపతో. రాజు మాత్రం అమాయకుడు. శిస్తు ఎవరు వసూలు చేస్తున్నారో, కోట గోడకు రాళ్లు ఎవరు మోశారో ఏ చిత్రమూ చూపదు. దొర చెడ్డవాడే గాని ఈ సంగతి నిజాం రాజుకు తెలియదని నమ్మినన్నాళ్లు మనవాళ్లూ ఆ సినిమాలోనే ఉన్నారు. వెట్టికి వ్యతిరేకంగా మొదలైన పోరు దేశ్‌ముఖు గడీ దాటి నిజాం గద్దె దాకా పోయిన రోజున ఆ సినిమాలోంచి బయటికి వచ్చారు.

దొంగ అన్న మాట సంగతీ అంతే. దళాల్లో ఉన్నవాళ్లను సర్కారు బందిపోట్లన్నది. పాలమూరులో పండుగ సాయన్న ఉన్నోళ్ల గాదెలు కొట్టి లేనోళ్లకు గింజలు పంచినవాడని జనం కథగా, పాటగా చెప్పుకుంటారు. తెర మీది గజదొంగకు చివరికి రాజకుమార్తె దొరుకుతుంది. పంచిపెట్టిన గింజలు తప్ప సాయన్న పేరు నిలపడానికి మరో కారణం లేదు. అటువంటి దొంగను జానపద చిత్రం ఎందుకు తీసుకోలేకపోయిందన్నది మన సాహిత్య విద్యార్థులు పట్టుకోదగ్గ పని. కనీసం పది చిత్రాలైనా వరసగా చూసి రాయండి. చూడకుండా రాసినవాళ్లం చాలామందిమి ఉన్నాం.

ఇక ముసలాయన అడిగిన దూప దగ్గరికి వస్తాను. హాలీవుడ్ ఎడారిలో నీళ్లు చిమ్మే ఫౌంటెన్లుంటాయి, స్నానాల కొలనులుంటాయి, వాటి పక్కన నాట్యాలుంటాయి. ఇసుక కేవలం గుర్రపు డెక్కల కింద లేవడానికే. మద్రాసు స్టూడియోలు ఆ కొలనును కూడా తెచ్చుకున్నాయి. కాని ముసలాయనకు తెలిసిన అరబ్బు ఎడారి వేరు. అది కర్బలా. క్రీ.శ. 680లో యజీదు సైన్యం యూఫ్రటీసు నదికి దారి మూసి హుసేనును, అతని పిల్లాజెల్లను మూడు రోజులు నీళ్లు లేక మలమల మాడ్చిన చోటు. తోలు తిత్తితో నీళ్లకు పోయిన అబ్బాసు తిరిగి రాని చోటు. తెలంగాణ పల్లెల్లో హిందువులు, ముస్లిములు కలిసి అలావ చుట్టూ తిరుగుతూ ఏడాదికోసారి పాడుకునేది ఆ దప్పికనే. పీర్లకు బెల్లపు షర్బతు పోసేది అందుకే. నీళ్లకు అడ్డం నిలబడ్డవాడే దుర్మార్గుడని ఆ పాటలకు తెలుసు. మర్రిగూడ ప్రాంతంలో తాగే నీళ్లే ఎముకలు వంచిన నేల ఇది. కరువుకు తట్టాబుట్ట సర్దుకుని వలసపోయిన పాలమూరు ఇది. ఇక్కడి మనిషికి నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే కథ. గుర్రపు స్వారీ ఎంత బాగున్నా ఆ కథను మరపించలేదు. మరపించి ఉంటే ముసలాయన ఆ ప్రశ్న వేసేవాడే కాదు.

నాటక కథలో బలం దాని సంఘర్షణలో ఉంటుందని మనం తరగతిలో పాఠం చెబుతాం. ఈ లెక్కన కర్బలా పాట ముందు కోర్డా రంగుల చిత్రం శిల్పపరంగానే వెలవెలబోతుంది. అందులో అడుగడుగునా మంత్రం ఉన్నది, కష్టం లేదు. తివాచీ ఎగిరినప్పుడు ఆశ్చర్యపోతాం, భయపడం.

పోయినేడు పదో తరగతి పిల్లలకు 'బాగ్దాద్ గజదొంగ'లో కొంత భాగం చూపించి, ఎడారి మీద పది వాక్యాలు రాయమన్నాను. చాలామంది గుర్రాలు, ఒంటెలు, నిధుల గుహ అని రాశారు. ఒక పిల్లవాని తండ్రి సౌదీలో గొర్రెలు, ఒంటెలు కాస్తాడు. వాడు పది రాయలేదు, మూడే రాశాడు. వాళ్ల నాయన ఫోనులో పంపిన ఫొటోలో గుర్రాలు లేవట. ఒక రేకుల డబ్బా, ఒక నీళ్ల ట్యాంకరు ఉన్నాయట. ట్యాంకరు రెండు రోజులు రాకపోతే నాయన ఫోను ఎత్తడట.