మొదట విన్నవారి మాట: పోక్సో చట్టం – నివేదిక భాష

1. ఉపోద్ఘాతం

బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ విధిస్తున్నది. తెలియజేయకపోతే 21వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలుశిక్షగానీ, జరిమానాగానీ, రెండూగానీ పడవచ్చు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, హాస్టల్ వార్డెన్, కౌన్సెలర్ ఎవరికీ ఇందులో మినహాయింపు లేదు. అయితే ఈ బాధ్యతపై చర్చ ‘చెప్పారా, లేదా’ అన్నచోటనే ఆగుతున్నది. ఏ మాటలలో చెప్పారన్నదీ అంతే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. పాప మాట – కాగితం మాట

బాలలు చెప్పినది చెప్పినట్లే నమోదు చేయాలని 26వ సెక్షన్ అంటున్నది. కానీ ఆ నియమం పోలీసు అధికారికి, మేజిస్ట్రేటుకు మాత్రమే. వారికంటే ముందు విన్న కార్యకర్తకు అది వర్తించదు.

ఒక పాప “మామ పట్టుకున్నాడు” అన్నదనుకుందాం. నివేదికలో అది “మేనమామ అసభ్యంగా ప్రవర్తించాడు” అని మారితే రెండు నష్టాలు జరుగుతాయి. తెలుగునాట పొరుగింటివాడూ మామే, తల్లి తోబుట్టువూ మామే. రక్తసంబంధీకుడైతే నేరం 9వ సెక్షన్ కిందకు వెళుతుంది. కనీస శిక్ష మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెరుగుతుంది. ఒక్క ఉపసర్గ నిందితుణ్నే మార్చగలదు. ఇక ‘అసభ్య ప్రవర్తన’లో స్పర్శ కనిపించదు. 7వ సెక్షన్‌కు శారీరక స్పర్శే ఆధారం. తాకడమంటే చర్మానికి చర్మం తగలడమే కాదని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. అంతటి బరువున్న క్రియను మర్యాద కోసం తొలగించడం పాపకు మేలు చేయదు. రేపు ఆమె తన మాటనే మళ్లీ చెబితే, రెండు కాగితాల మధ్య తేడా ఆమె అబద్ధంగా కనిపిస్తుంది.

3. ఒక ఆక్షేపణ

కార్యకర్తలు న్యాయనిపుణులు కారు కదా అనవచ్చు. నిజమే. అందుకే ఇక్కడ కోరుతున్నది విచారణ కాదు, సంయమనం. గుచ్చి గుచ్చి అడగకుండా, విన్న మాటను కొటేషన్లలో రాసి, తమ అవగాహనను వేరుగా రాస్తే చాలు. సద్భావంతో ఇచ్చిన సమాచారానికి 19(7) రక్షణ ఉన్నది.

4. ముగింపు

బంధువాచకాలు, శరీరావయవాల పేర్లు, పిల్లల మాటలు ప్రాంతాన్నిబట్టి మారుతాయి. వాటిని సేకరించడం మాండలిక పరిశోధకుల పని. ఆ పదకోశం విశ్వవిద్యాలయంలోనే ఉండిపోకుండా కార్యకర్తల శిక్షణకు చేరాలి.